రిపోర్టు బాగున్న చిన్నకోడలు

ఇప్పుడు మా ఇంటికి వచ్చే కుర్ర డాక్టర్లు కాఫీ చల్లారకముందే జేబులోంచి ఫోను తీస్తారు. "మేడమ్, ఈ రిపోర్టు చూడండి. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. ఏం చెయ్యమంటారు?" అంటారు. నేను ఫోను వైపు చూడను. "మనిషి ఎలా ఉంది?" అని అడుగుతాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలావిడకు చాదస్తం ముదిరిందని దారిలో అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఈ చాదస్తం నాకు పుట్టుకతో రాలేదు. వేప్పనపల్లి దగ్గర ఒక మామిడితోటలో, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను.

ఆ తోట ఆసామి ఇంట్లో చిన్నకోడలి చేతులు ఎందుకూ కొరగాకుండా పోబోయాయి. కారణం, ఆమె రక్తపరీక్ష బాగుంది. అవును, బాగుండటమే కారణం. ఆ సంగతే చెబుతాను. కంగారు పడకండి, ఇది ఏడిపించే కథ కాదు. తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వే వస్తుంది, మధ్యలో ఒక్కచోట తప్ప.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. హోసూరులో మాది ఒక మోస్తరు ఆస్పత్రి. ఫ్యాక్టరీల వాళ్ళు, కూరగాయల రైతులు, పూలతోటల కూలీలు అందరూ వచ్చేవాళ్ళు. నొప్పి ఎక్కడని అరవంలో అడిగితే తెలుగులో చెప్పి, మందు ఎన్నాళ్ళు మింగాలని కన్నడంలో బేరమాడే ఊరు అది. నాది కుప్పం వైపు కాబట్టి ఆ మూడూ నాకు ఇంటి భాషలే. నేను జ్వరాలు, బీపీలు, చక్కెర జబ్బులు చూసే మామూలు డాక్టర్ని. ఆస్పత్రి సొంతదారు సర్జను. ఆయన్ని అందరూ పెద్ద డాక్టరనే పిలిచేవాళ్ళు. కత్తి పట్టుకుంటే దేవుడు. కత్తి కింద పెడితే మాత్రం ఆయన బుర్ర నిండా కొత్త కొత్త పథకాలు.

మా ల్యాబ్ డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చి హోసూరులో స్థిరపడ్డ మనిషి. నెమ్మదస్తుడు. ఈ ఊరి పచ్చళ్ళలో కారం లేదన్నది తప్ప ఆయనకు లోకంతో వేరే తగాదా లేదు. ఎవరు ఏ పరీక్ష రాసి పంపితే అది శ్రద్ధగా చేసేవాడు. ఇది ఎందుకు రాశారని అడిగేవాడు కాదు. "వడ్డించమంటే వడ్డిస్తానండీ, ఆకలుందో లేదో చూసుకోవాల్సింది మీరు" అనేవాడు నాతో.

కీళ్ళ జబ్బులకు చేసే రక్తపరీక్షలు అప్పుడప్పుడే మా ఊళ్ళో ఫ్యాషన్ అయ్యాయి. బయటి క్రిముల మీదికి పోవాల్సిన మన ఒంటి సైన్యం దారి తప్పి మన మీదికే తిరగబడితే కీళ్ళవాతం, లూపస్ లాంటివి వస్తాయి. ఆ తిరగబాటు గుర్తులు రక్తంలో ఉన్నాయా అని చూసేవే ఈ పరీక్షలు. కీళ్ళవాతానికి చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ మా ల్యాబులోనే చేసేవాళ్ళు. లూపస్‌కు చూసే ఏఎన్ఏకి నమూనా బెంగుళూరు పంపేవాళ్ళు. పరీక్షలు మంచివే. మనిషిని చూసి, అనుమానం వచ్చి, ఆ అనుమానాన్ని అడిగితే పనికొచ్చే మాట చెబుతాయి. దారినపోయే వాళ్ళందరినీ పట్టుకుని అడిగితే మాత్రం ఏ జబ్బూ లేని కొందరికి ఉందంటాయి, జబ్బు ఉన్న కొందరికి లేదంటాయి. ఈ ముక్క పుస్తకాల్లో మేమందరం చదివాం. చదివింది చదివినట్టే ఉండిపోయింది.

ఒక చలికాలం పెద్ద డాక్టరుకు కీళ్ళనొప్పుల శిబిరం పెట్టాలన్న ఆలోచన వచ్చింది. వేప్పనపల్లి బడిలో, ఆదివారం. అంతవరకు బాగానే ఉంది. శిబిరం నడిపే పద్ధతే ఆయన సొంత బుర్ర. వచ్చినవాళ్ళకు ముందు రక్తం తీసెయ్యాలి. రిపోర్టులు వచ్చాక, మరో ఆదివారం, వాటిని చూసి డాక్టరు మాట్లాడాలి. అలా అయితే వరస చకచకా కదులుతుందట.

"నొప్పేమిటో అడగకుండా రక్తం తీస్తే ఎట్లా సార్?" అన్నాను.

"అడిగితే ఒక్కొక్కరు అరగంట చెప్తారు మేడమ్. రక్తం అయితే సూటిగా చెప్తుంది" అని, "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మీరు బీపీ బల్ల దగ్గర కూర్చోండి" అని నవ్వేశారు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. నేను మూతి ముడుచుకుని బీపీ బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆ శిబిరానికి మాకు బాగా తెలిసిన ఒక రైతు తన ఇద్దరు కోడళ్ళనూ తీసుకొచ్చాడు. ఆయన బీపీకి నా దగ్గరే మందు వాడేవాడు. మామిడితోటల ఆసామి. ఊళ్ళో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు విడిపోయినా ఆయన్నే మధ్యస్తానికి పిలిచేవాళ్ళు. న్యాయం తప్పని మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

నొప్పులన్నది పెద్దకోడలు. మోకాళ్ళు, నడుము, భుజాలు, ఒళ్ళంతా. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. చిన్నకోడలు తోడుగా వచ్చిన మనిషి. ఎలాగూ వచ్చింది కదా అని మామగారు ఆమెకూ రక్తం తీయించాడు. రిపోర్టులు వచ్చాయి. పెద్దామెకు ఏఎన్ఏ కొద్దిగా పాజిటివ్. చిన్నామెకు అన్నీ నెగటివ్. రిపోర్టులు చదివి మాట్లాడింది మా దగ్గర కొత్తగా చేరిన ఒక కుర్ర డాక్టరు. మంచివాడే, ఎదురుగా అంత పొడుగు వరస చూసి బెదిరిపోయాడు పాపం. పెద్దామెతో, ఇది లూపస్ కావచ్చు, ఎండలో తిరగకండి, అలసిపోకండి అన్నాడు. చిన్నామె ఏదో చెప్పబోతే కాగితం చూసి, నీకేమీ లేదమ్మా, హాయిగా ఉండు అన్నాడు.

మామగారు ఇంటికి వెళ్ళి ఆ రెండు కాగితాలనూ ముందు పెట్టుకుని పంచాయితీ చేశాడు. పాజిటివ్ వచ్చిన పెద్దకోడలు ఇక పొయ్యి దగ్గరికి, ఆవుల దగ్గరికి, తోటకు పోకూడదు. నెగటివ్ వచ్చిన చిన్నకోడలు ఆ పనులన్నీ చూసుకోవాలి. ఇద్దరూ ఒప్పుకున్నారు. నిజానికి ఇంతకన్నా న్యాయమైన తీర్పు ఏ కోర్టూ ఇవ్వదు. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది.

ఏటా మామిడికాయల కాలంలో ఆయన మా ఆస్పత్రి వాళ్ళను తోటకు పిలిచేవాడు. ఆ ఎండాకాలం కూడా కబురు వచ్చింది. పెద్ద డాక్టరుకు చక్కెర జబ్బు. "నేను ఆ తోటకు రావడం, కల్లు మానినవాడు ఈతవనానికి పోవడం ఒకటే" అని ఆయన ఆగిపోయారు. నేనూ ల్యాబ్ డాక్టరూ జీపులో చీకటితోనే బయల్దేరాం. ఎండ ఎక్కితే తోటలో నిలవలేమని. సూళగిరి దాటాక టీ తాగాం. దారి పొడుగునా ల్యాబ్ డాక్టరు బంగినపల్లికీ ఈ వైపు పండే సెందూర మామిడికీ ఉన్న తేడాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఉపన్యాసం ముగిసే వేళకు తూర్పు తెల్లబడింది, తోట వచ్చింది.

తోటలోనే వాళ్ళ ఇల్లు. ఇంటి ముందు అరుగు. అరుగు మీద, పెంకుల కప్పు కింద, పెద్దకోడలు గొడుగు వేసుకుని కూర్చుని ఉంది.

"ఏం మా, వాన పడతా ఉందా?" అన్నాను.

"వాన కాదు మా, ఎండ. నాకు ఎండ తగలకూడదంట. రిపోర్టు పాజిటివ్ గదా!"

"ఎండ యాడుండాది? పొద్దే పుట్టలేదు."

"పుడతాది గదా మా" అంది ఆమె తొణక్కుండా. ల్యాబ్ డాక్టరు నవ్వు ఆపుకోలేక జీపు వెనక్కి వెళ్ళిపోయాడు.

గొడుగు కింద నుంచే ఆమె ఇల్లంతా నడిపిస్తోంది. చాపలు పరవమంది, చెంబులు తెమ్మంది, కాయలు ఏ చెట్టువి కోయాలో పనివాళ్ళకు చెప్పింది. ల్యాబ్ డాక్టరు పరిచయాలు ముగియకముందే ఒక పండు పిసికి నోట పెట్టుకున్నాడు. నేను మర్యాదకు ఒకటి తిన్నాను. మామిడిపండును మర్యాదగా తినడం కుదరదు. మోచేతుల దాకా కారింది. కడుక్కుందామని నీళ్ళ తొట్టి వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వెళ్ళాను.

అక్కడ పశువుల కొట్టం. కొట్టం ముందు చిన్నకోడలు ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. పక్కన పాలచెంబు ఖాళీగా ఉంది. ముందు ఒక కుండ, అందులో పొగలు వచ్చే వేన్నీళ్ళు. రెండు చేతులూ మణికట్ల దాకా అందులో ముంచి, కళ్ళు మూసుకుని ఉంది. పాలు పితకబోయే మనిషి చేతులు కడుక్కోవడం నాకు తెలుసు. నానబెట్టుకోవడం ఎక్కడా చూడలేదు.

"ఏం చేస్తా ఉండావు తల్లీ?"

ఉలిక్కిపడి లేవబోయింది. లేవడానికి అరచేతులు నేలకు ఆనించలేదు. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ముసలివాళ్ళు లేచినట్టు లేచింది. ఆమెకు ముప్ఫై కూడా ఉండవు.

"ఏం లేదు మా. పొద్దున్నే వేళ్ళు కట్టెలు మాదిరి ఉంటాయి. వేన్నీళ్ళల్లో పెడితే కొంచెం వొంగుతాయి. అప్పుడు పాలు పితుకుతాను."

"మళ్ళ ఎప్పుడు సరిపోతాయి?"

"పొద్దు బాగా ఎక్కినంక. మధ్యానానికి పర్వాలేదు మా."

"ఎవురికీ చెప్పలేదా?"

"చెప్పినాను మా. శిబిరంలో చెప్పబోయినాను, ఇంట్లో గూడా చెప్పినాను. రిపోర్టులో లేదంట." అని, నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వి, "నా రిపోర్టు బాగుండాది మా" అంది.

నవ్వు రాని చోటు ఒకటి ఉందన్నానే, అది ఇదే. ఆ మాట ఆమె నమ్మి అంది. తన వేళ్ళు తనతో అబద్ధం చెబుతున్నాయని, కాగితం నిజం చెబుతోందని ఆమె అనుకుంటోంది.

ఆమె చేతులు తీసుకుని పమిటచెంగుతో తుడిచాను. వేళ్ళ మొదటి కణుపులు, మధ్య కణుపులు ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులకూ ఒకేలా. నొక్కితే ఎముకలా గట్టిగా లేవు, మెత్తగా ఉన్నాయి. గోళ్ళ దగ్గరి కణుపులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నాలుగు వేళ్ళ మొదళ్ళనూ కలిపి మెల్లగా పిండాను. ఆమె పళ్ళ బిగువున ఊపిరి పీల్చింది. పాదాలు చూస్తే అక్కడా అదే. పోయిన జాతరలో గాజులాయన చెయ్యి పిండితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. గాజులు ఎక్కలేదట. నీ చేతులు లావెక్కినాయి అన్నాడట ఆయన. కీళ్ళవాతం ఇంతకన్నా స్పష్టంగా ఏ పుస్తకంలోనూ బొమ్మ వేసి ఉండదు. ఆమె పదకొండు గంటలకు ఆస్పత్రికి వచ్చి ఉంటే ఇందులో సగం నేను కూడా చూసి ఉండేదాన్ని కాదు. ఈ జబ్బు తెల్లవారుజామునే బయటికి వచ్చే మనిషి.

"ల్యాబ్ డాక్టరు గారూ, ఇటు రండి. మీ నెగటివ్ ఎట్లుందో చూద్దురుగాని" అని కేక వేశాను.

ఆయన మోచేతుల దాకా మామిడిరసంతో వచ్చాడు. నా మొహం చూసి చేతులు కడుక్కున్నాడు. ఆమె వేళ్ళను ఒక్కొక్క కణుపే తడిమి చూశాడు.

"రక్తంలో లేదండీ. ఆర్ఏ పరీక్ష నేనే చేశాను, తప్పు చెయ్యలేదు" అన్నాడు చివరికి. "కానీ ఇక్కడ ఉంది."

"పరీక్ష తప్పని ఎవరన్నారు? ఈ జబ్బున్నా రక్తంలో కనబడనివాళ్ళు ఉంటారు. మొదట్లో మరీను. అడగాల్సింది అడగకుండా జవాబు తెచ్చుకున్నాం."

మా మాటలకు మామగారు వచ్చాడు. ఆయన వెనకాల గొడుగుతో సహా పెద్దకోడలు. నేను సంగతి చెప్పాను. పని ఆపకపోతే, మందు మొదలుపెట్టకపోతే ఈ వేళ్ళు వంకర తిరుగుతాయి, తిరిగాక ఏ డాక్టరూ సరిచెయ్యలేడు అని దాచకుండా చెప్పాను.

పెద్దాయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "అట్లయితే రక్తం అబద్ధం చెప్పిందా మా? నేను ఆ కాగితాలు చూసే గదా తీర్పు చెప్పినాను!"

పెద్దకోడలికి ఇంకో బాధ. "ఇదేం న్యాయం మా? పాజిటివ్ వచ్చింది నాకు, చేతులు పట్టుకునేది దానివా?"

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పెద్దాయన్ని అడిగాను. "ఏమప్పా, మీ తోటలో చెట్టు వాడిపోతే మీరేం చేస్తారు?"

"పోయి చెట్టు చూస్తాను."

"ఏం చూస్తారు?"

"ఆకు చూస్తాను, కొమ్మ చూస్తాను, మొదట్లో పురుగుందా చూస్తాను. నీళ్ళు ఎన్ని పోసినారో పనోళ్ళని అడుగుతాను. అప్పటికీ తెలీకుంటే మట్టి పరీక్షకు పంపిస్తాను."

"చెట్టు చూడకుండా తోటంతా మట్టి తీసి పంపించేది లేదా?"

"అట్ల ఎవుడైనా చేస్తాడా మా? మట్టిలో ఏదో ఒకటి తక్కువుందనే వస్తాది. కాయలు బాగా కాసే చెట్టు కింద మట్టి గూడా అట్లే ఉంటాది."

"మరి మీ కోడండ్లిద్దరి విషయంలో మేమట్లే చేసినాము గదప్పా. చెట్టు చూడకుండా మట్టి పంపినాము."

ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. తర్వాత మెల్లగా తల ఊపాడు. ఒకసారి, ఇంకోసారి. "చెట్టు చూడకుండా..." అని తనలో తానే అనుకున్నాడు. ఆయన తీర్పుల చరిత్రలో అదొక్కటే తిరగరాసిన తీర్పని ఆ తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు.

పెద్దకోడల్ని అరుగు మీద కూర్చోబెట్టి, గొడుగు మూయించి, శిబిరంలో అడగాల్సినవన్నీ అప్పుడు అడిగాను. మొహం మీద మచ్చలు? లేవు. నోట్లో పుండ్లు? లేవు. జుట్టు ఊడిపోవడం, కీళ్ళు వాయడం, ఆయాసం, ఒంటేలులో నురగ? ఏమీ లేవు. ఎండకు ఒళ్ళు పొక్కుతుందా? "ఎండ మొహం చూసి ఎన్నాళ్ళాయె మా, నాకేం తెలుసు!" అంది. మోకాళ్ళు కిర్రుమంటున్నాయి, అది ఆమె ఒంటి బరువు చేసే పని. నడుము, భుజాల నొప్పి శిబిరానికి ముందు కొంచెమే ఉండేది. రిపోర్టు వచ్చాక రాత్రుళ్ళు నిద్ర పోయింది, నొప్పి రెండింతలైంది. చచ్చిపోతానేమోనని దిండు కింద మొహం పెట్టుకుని ఏడ్చేదట. ఇంటిల్లిపాదినీ గొడుగు కింద నుంచి శాసించే ఆ మనిషి అలా ఏడ్చిందంటే నాకు చాలా జాలేసింది.

"నీకు ఆ జబ్బు గుర్తులు ఒక్కటీ లేవు" అన్నాను. "ఒంటేలు ఒకసారి చూస్తాము, బాగుంటే అంతే. ఆ పాజిటివ్ ఎంతోమంది ఏ జబ్బూ లేనోళ్ళకు గూడా వస్తాది. మళ్ళీ మళ్ళీ రక్తం తీయించుకోవద్దు. ఒంట్లో కొత్తగా ఏదన్నా మారితే నా దగ్గరికి రా."

"అంటే నేను చావనా?"

"చస్తావు. అందరం చస్తాము. దీంతో మాత్రం కాదు."

ఆమె పెద్దగా నవ్వింది. నవ్వుతూనే లేచి కొట్టం దగ్గరికి వెళ్ళి తోడికోడలి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. నేను పట్టుకున్నప్పుడు చూసిందే అయినా, తను పట్టుకున్నాకే ఆ వాపు ఆమెకు అర్థమైంది. నవ్వు ఆగిపోయింది.

"ఈ చేతుల్తోనా నాకు సంగటి గెలికి పెడతా ఉంటివి? నేను కూసోని తింటా ఉంటినే!"

"నీకు ఒళ్ళు బాగలేదు గదక్కా" అంది చిన్నామె.

పెద్దామె చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పాలచెంబు తీసుకుని ఆవు పక్కన కూర్చుంది. ఇన్ని నెలల తర్వాత కొత్త చెయ్యి పడేసరికి ఆవు ఒక్కటి తన్నింది. చెంబు ఎగిరి వెళ్ళి ల్యాబ్ డాక్టరు కాళ్ళ దగ్గర పడింది. ఆయన పక్కకు గెంతాడు. పెద్దామె ఆవును తిట్టింది, ఆవు తోక విసిరింది, చిన్నామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వింది. మేం వెళ్ళేలోపు అదే ఆవు దగ్గర చెంబు నిండా పాలు పితికి మాకు కాఫీ ఇచ్చింది పెద్దామె. అప్పటికి ఎండ బాగా ఎక్కింది. ఆమె నట్టెండలో నిలబడి మమ్మల్ని సాగనంపింది.

చిన్నకోడలి భర్తకు హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. అతను సెలవు పెట్టి ఆమెను బెంగుళూరులో కీళ్ళ నిపుణుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆ డాక్టరు పెద్దవాడు, తొందరలేని మనిషి. నేను తీసుకెళ్ళిన రిపోర్టులు బల్ల మీద బోర్లించి పెట్టి, మొదట ఆమె చేతులు అడిగాడు. ఎక్స్‌రే తీయించాడు. ఎముకలు ఇంకా అరగలేదు. ఇంకొంతకాలం ఇలాగే గడిచి ఉంటే అరిగేవన్నాడు. భర్తకు సందేహం తీరలేదు. "సార్, రక్తం నెగటివ్ గదా?" అన్నాడు.

"రక్తం రేపు ఒప్పుకోవచ్చు, ఎప్పటికీ ఒప్పుకోకపోవచ్చు" అన్నాడు ఆయన. "చేతులు ఎప్పుడో ఒప్పేసుకున్నాయి. నేను వాటి మాటే వింటాను."

ఇచ్చిన మందు వారానికి ఒక్కరోజే మింగాలి. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు వాడినన్నాళ్ళూ కడుపు పండకూడదు, రక్తం అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి. ఈ రక్తపరీక్షకు అర్థం ఉంది, మందు ఒంటికి పడుతోందా అని అడగడానికి. పిల్లలు ఇద్దరూ ఉన్నారు, ఇక వద్దనుకున్నామని భార్యాభర్తలు చెప్పారు. ఇంట్లో మాత్ర బాధ్యత పెద్దకోడలు తీసుకుంది. మంగళవారం అని పెట్టుకుంది. మాత్రలు తన పెట్టెలో తాళం వేసి, మంగళవారం పొద్దున మింగించి, తక్కిన రోజుల్లో ఎవరు అడిగినా ఇచ్చేది కాదు.

ఈ మందు మెల్లగా పనిచేస్తుంది. మొదటి నెలలో ఏమీ మారలేదు. చుట్టాలు ఊరుకోరు కదా. రిపోర్టులో లేని జబ్బుకు మందేమిటి, ఆ డాక్టరమ్మ మాట పట్టుకుని ఒళ్ళు పాడుచేసుకుంటున్నావు అన్నారు. చిన్నామె ఊగింది. ఒకరోజు ఆస్పత్రికి వచ్చి, మానేస్తానంది. నాకు గుబులు పుట్టింది. నేను నోరు తెరవకముందే వెంట వచ్చిన పెద్దామె అందుకుంది. "మానేస్తే నేను మళ్ళా గొడుగు పట్టుకుని కూసుంటాను, నువ్వే సంగటి గెలుకు!" అంది. చిన్నామె నవ్వేసింది. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది. మందు ఆగలేదు.

ఇటు ఆస్పత్రిలో నేను పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి చెట్టూ మట్టీ కథ చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. ఎవరైనా ఎదిరించి వాదిస్తే ఆయన వినరు. కథ చెబితే వింటారు. మరుసటి శిబిరంలో ముందు మాటలు అడిగే బల్ల, తర్వాత చేతులూ కాళ్ళూ చూసే బల్ల. రక్తం బల్ల ఒక మూలకు వెళ్ళింది, దాని దగ్గరికి చేరినవాళ్ళు కొద్దిమందే. వరస నత్తనడక నడిచింది. "మీ మామిడితోట నా ఆదివారం మింగేసింది మేడమ్" అని సణిగారు గాని, పాత పద్ధతికి మళ్ళీ పోలేదు.

అసలు మార్పు ల్యాబ్ డాక్టరుది. వడ్డించమంటే వడ్డిస్తానన్న మనిషి ఇప్పుడు గరిట పట్టుకుని ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఏఎన్ఏ రాసి పంపితే ఫోను చేసేవాడు. "ఏ జబ్బని అనుమానమండీ? కీళ్ళు వాచాయా? చూశారా, పట్టుకుని చూశారా?" అనేవాడు. డాక్టర్లందరూ విసుక్కున్నారు. ఒకసారి నాకే ఫోను వచ్చింది. ఒళ్ళునొప్పులతో వచ్చిన ఒకామెకు బాగా రద్దీలో పడి ఏఎన్ఏ రాసేశాను. "చెట్టు చూశారా మేడమ్?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి చెట్టు చూశాను. థైరాయిడు జబ్బు. ఆయన ఆ సంతోషాన్ని వారం రోజులు మొహం మీదే పెట్టుకుని తిరిగాడు.

పెద్దకోడలికి మళ్ళీ ఏ కొత్త లక్షణమూ రాలేదు. ఒంటేలు పరీక్ష బాగుంది. ఆమె తోటకు పోయింది, కృష్ణగిరి మండీకి పోయి దళారులతో గొంతు చించుకుని పోట్లాడింది, నిద్రపోయింది. మోకాళ్ళు ఇప్పటికీ కిర్రుమంటాయట, ఎవరివి అనవు.

మరుసటి ఏడు కాయల కాలం వచ్చింది. ఈసారి పెద్ద డాక్టరు కూడా ఆగలేక వచ్చారు, ఒక్క పండే తింటానని ఒట్టు పెట్టుకుని. మేం వెళ్ళేసరికి తూర్పున ఇంకా ఎరుపే ఉంది. కొట్టంలో పాలు పితికే చప్పుడు, దానితోపాటు పెద్దకోడలు ఆవుతో మాట్లాడే చప్పుడు వినిపించాయి. అరుగు మీద చిన్నకోడలు కూర్చుని ఉంది. ముందు చేటలో కనకాంబరాలు. దారం కొస పళ్ళ మధ్య పట్టుకుని పూలు కడుతోంది.

కనకాంబరం ఎంత సన్నని పువ్వో మీకు తెలుసు. కాడ నలిగితే పువ్వు పోతుంది. రెండు వేళ్ళ కొసలతో పట్టుకోవాలి, ఇంకో రెండు వేళ్ళతో ముడి తిప్పాలి. వేన్నీళ్ళ కుండ ఎక్కడైనా ఉందేమోనని నేను చుట్టూ చూశాను. లేదు. తెల్లవారే ఆ సమయంలో ఆ వేళ్ళు ఎంత జోరుగా తిరుగుతున్నాయంటే ఏ వేలు ఎప్పుడు వంగుతోందో నా కంటికి అందలేదు.

డాక్టర్లకు నోరు ఊరుకోదు. "పొద్దున పూట వేళ్ళు పట్టేస్తా ఉండాయా?" అని అడిగాను.

దారం పళ్ళ మధ్య ఉంది కాబట్టి ఆమె జవాబు చెప్పలేదు. లేదన్నట్టు తల ఊపి, ఇంకో పువ్వు తీసుకుని ముడి వేసింది. దండ ఒక మూర అయ్యాక దారం తెంపి, నా వెనక్కి వచ్చి, నెరిసిన నా కొప్పులో తనే తురిమింది. ఆ పూలు నేను సాయంత్రం దాకా తియ్యలేదు.